మొద్దబ్బాయి వేషం

పిల్లలూ! ఇంట్లో చెప్పకుండా వెళ్ళిపోయి సినిమాలో చేరిపోదామని మీలో ఎవరికైనా ఎప్పుడైనా అనిపించిందా? సిగ్గుపడకండి. అమ్మో నాన్నో పక్కనే కూర్చుని ఈ పేజీ చదువుతూ ఉంటే జవాబు మనసులోనే చెప్పుకోండి.

నాకు అనిపించింది. అనిపించడమే కాదు, పధ్నాలుగేళ్ళ వయసులో నేను బయలుదేరాను కూడా. అయితే మద్రాసు చేరలేదు. గౌతమి అవతలి ఒడ్డుదాకా వెళ్ళి, అదే పంట మీద తిరిగి వచ్చేశాను. నన్ను వెనక్కి తిప్పింది ఒక మనిషి కథ. ఆయన నాకు చుట్టం కాదు. ఆయనను నేనెన్నడూ కళ్ళారా చూడలేదు. అయినా మా ఇంటికి ఆయన రెండుసార్లు మేలు చేశారు. ఆ రెండూ మీకు చెబుతాను.

మాది కోనసీమలో అమలాపురం దగ్గర ఒక పల్లెటూరు. చుట్టూ కొబ్బరితోటలు, వాటి మధ్య కాలవలు. 1966 సంక్రాంతికి ముందు సంగతి ఇది. అర్ధసంవత్సర పరీక్షలో నాకు లెక్కల్లో నూటికి తొమ్మిది మార్కులు వచ్చాయి. మాస్టారు నా కాగితం పైకెత్తి అందరికీ చూపించి, "ఇడుగో, మన తరగతి మొద్దబ్బాయి!" అన్నారు. అందరూ నవ్వారు. ఆనాటినుంచి నా అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చెరువు గట్టున ఆడుకునేటప్పుడు కూడా, "ఒరేయ్ మొద్దబ్బాయ్, బంతి ఇటు వెయ్యరా!" అనేవారు.

ఆ రోజుల్లోనే మా ఊళ్ళో టూరింగు టాకీసు డేరా వేశారు. పావలా ఇచ్చి నేల టిక్కెట్టు కొనుక్కుని "మూగమనసులు" చూశాను. ఆదుర్తి సుబ్బారావు గారు తీసిన ఆ చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావు గారు పడవ నడిపే గోపి. తెరమీద మా గోదావరి! మా పడవలు! మా రేవులో రోజూ కనిపించేలాంటి మనిషే అక్కడ కథానాయకుడు! డేరా బయటికి వచ్చేసరికి నేను నిశ్చయం చేసుకున్నాను: మద్రాసు వెళతాను, సినిమాలో చేరతాను, అప్పుడు చూస్తాను నన్నెవరు మొద్దబ్బాయి అంటారో!

మా అమ్మ కొబ్బరి దింపు డబ్బులు పోపులడబ్బాలో అడుగున దాచేది. తెల్లవారుజామున అందులోంచి పదిహేను రూపాయలు తీశాను. పుస్తకాల సంచీలో ఒక చొక్కా పెట్టుకుని, ముక్తేశ్వరం రేవుకు బస్సెక్కాను. అక్కడ పంట ఎక్కి గౌతమి దాటితే కోటిపల్లి. అక్కడినుంచి సామర్లకోట. సామర్లకోటలో మద్రాసు మెయిలు. ఇదీ నా పథకం.

పంట అంటే రెండు పడవలను జతచేసి, పైన బల్లలు పరిచి కట్టినది. మనుషులు, సైకిళ్ళు, మేకలు, అరటిగెలలు అన్నీ దానిమీదే. ఎక్కి కూర్చుని చూద్దును గదా, ఎదురుగా మా హిందీ పండితులు! ఆయన సాయంత్రాలు మాకు ప్రచారసభ పరీక్షలకు పాఠాలు చెప్పేవారు. పడుచుతనంలో బొంబాయిలో గుమాస్తాగా పనిచేసి వచ్చిన మనిషి. నన్ను చూశారు, నా సంచీ చూశారు, ఏమీ అడగలేదు.

నది నడుమ పంట ఇసుక మేటకు తగులుకుంది. చలికాలంలో నీరు తగ్గినప్పుడు అట్లా జరగడం మామూలే. "ఏం పర్లేదండి, ఆయ్! కాసేపు ఓపిక పట్టాలండి," అంటూ సరంగు, అతని మనుషులు గెడలు పట్టుకుని నీళ్ళలోకి దిగారు.

అప్పుడు పండితులు, "ఏరా అబ్బాయ్, ఊరికే కూర్చునే బదులు ఒక కుర్రవాడి కథ చెబుతాను, వింటావా?" అన్నారు.

"చెప్పండి మాస్టారూ," అన్నాను.

ఆయన చెప్పసాగారు:

"ఏలూరు దగ్గర సోమవరప్పాడు అని ఒక ఊరుంది. అక్కడ 1908లో ఒక రైతు ఇంట ఒక పిల్లవాడు పుట్టాడు. పేరు అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. తెలివైనవాడే, కాని చదువు మీద మనసు లేదు. ఊళ్ళోకి నాటకాలవాళ్ళు వచ్చి మద్దెల మోగిస్తే చాలు, వాడి కాళ్ళు అటే పోయేవి. ఏలూరులో పాత మూకీ చిత్రాలు ఆడుతుంటే వదలకుండా చూసేవాడు. పదిహేడేళ్ళు రాకముందే మేనమామ కూతురితో పెళ్ళయింది. కూతురు పుట్టింది. అంతలో తండ్రి అప్పులపాలై, తీర్చలేక తలవంచుకోవలసి వచ్చింది. ఆ స్థితిలో, ఇరవైరెండేళ్ళ వయసులో, ఆ కుర్రవాడు జేబులో వంద రూపాయలు పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా బొంబాయి వెళ్ళిపోయాడు."

నా గుండె దడదడ కొట్టుకుంది. సంచీని గట్టిగా పట్టుకున్నాను.

"బొంబాయిలో వాడికి ఎవరూ కుర్చీ వెయ్యలేదు. ఒక కంపెనీలో టీలు, ఉత్తరాలు మోసే బంట్రోతు పని దొరికింది. తరువాత మూకీ చిత్రాల్లో చిన్న వేషం. అప్పుడే మన దేశంలో మొదటి మాటల చిత్రం తయారవుతోంది. పేరు 'ఆలం ఆరా', హిందీలో. తీసినవాడు అర్దేశిర్ ఇరానీ. మన కుర్రవాడికి అందులోనూ ఒక చిన్న వేషం దొరికింది. స్టూడియో పక్కనే రైలుపట్టాలు. పగలు మాట పట్టుకుందామంటే రైలు కూత పడుతుంది. అందుచేత రైళ్ళు ఆగాక, అర్ధరాత్రి దాటిన తరువాత తీసేవారు. మైకు బయటికి కనపడకూడదు గనక నటుల దగ్గరలోనే ఎక్కడో దాచేవారు. 1931 మార్చి 14న ఆ చిత్రం బొంబాయి మెజెస్టిక్ హాల్లో విడుదలైతే, జనాన్ని అదుపు చెయ్యడానికి పోలీసులు రావలసి వచ్చింది. ఆ తొక్కిసలాటలో నా చెప్పు ఒకటి పోయింది!"

పిల్లలూ, ఇక్కడ కథ ఒక్క నిమిషం ఆపుతాను. ఫిల్ము మీద బొమ్మ పడుతుంది, సరే. మాట ఎట్లా పడుతుంది? ఆనాడు పండితులను నేనూ ఇదే అడిగాను. మనం మాట్లాడితే గాలి అదురుతుంది. మైకు ఆ అదురును కరెంటుగా మారుస్తుంది. ఆ కరెంటు ఒక దీపపు వెలుగును మాటకు తగ్గట్టు హెచ్చించి తగ్గిస్తుంది. ఆ వెలుగు ఫిల్ము అంచున ఒక సన్నని చారగా అచ్చుపడుతుంది. హాల్లో ఆ చార గుండా మళ్ళీ వెలుగు పంపి, దాన్ని కరెంటుగా మార్చి, లౌడుస్పీకరుకు ఇస్తే మాట తిరిగి పుడుతుంది. అంటే సినిమాలో మాట కొంతసేపు వెలుగై ఉంటుందన్నమాట! "ఆలం ఆరా"లో బొమ్మ, మాట ఒకే ఫిల్ముమీద ఒకేసారి ఎక్కించారు. తప్పు పలికితే తరువాత దిద్దుకోవడానికి వీలులేదు. ఆ చిత్రం ప్రతి ఒక్కటైనా నేడు ఎక్కడా మిగలలేదు. ఇక కథలోకి వద్దాం.

"అదే స్టూడియోలో హెచ్. ఎమ్. రెడ్డి గారు అరవంలో మొదటి మాటల చిత్రం 'కాళిదాస్' తీశారు. మన కుర్రవాడికి గుళ్ళో పూజారి వేషం. తరువాత తెలుగులో మొదటి మాటల చిత్రం 'భక్త ప్రహ్లాద' తీశారు. 1932లో వచ్చింది. మూడు భాషల్లో మొదటి మాటల చిత్రాలు మూడింటిలోనూ వేషం కట్టినవాడు వాడు! అయితే తెలుగు చిత్రంలో వాడి వేషం ఏమిటో చెప్పుకో చూద్దాం?"

"ప్రహ్లాదుడా?"

"కాదు."

"ఇంద్రుడా?"

"కాదు. చండామార్కుల బడిలో ప్రహ్లాదుడితోపాటు చదివే శిష్యుడు. మొద్దబ్బాయి!"

నేను తలవంచుకున్నాను. నా ముద్దుపేరు ఆయన చెవినా పడిందన్నమాట. కాని పండితులు నవ్వలేదు.

"విను. అవే రోజుల్లో కరీంనగరంలో పుట్టిన మన తెలుగువాడే పైడి జైరాజ్ బొంబాయిలో కథానాయకుడయ్యాడు. మన కుర్రవాడికి ఆ అదృష్టం లేదు. ఇచ్చిన మొద్దబ్బాయి వేషమే వేశాడు. వేసి, రంగు కడుక్కుని, మర్నాడు మరో పనికి వెళ్ళాడు. సినిమా హాలు గేటు దగ్గర నిలబడి టిక్కెట్లు చూశాడు. దర్శకులకు సహాయకుడుగా పనిచేశాడు. వాడి పేరు మరీ పొడుగ్గా ఉందని అక్కడే ఎవరో కత్తిరించి 'ఎల్. వి. ప్రసాద్' చేశారు. ఇప్పుడు తెలిసిందా ఎవరో?"

తెలియకేం! "షావుకారు", "పెళ్ళిచేసి చూడు", "మిస్సమ్మ" తీసిన ఎల్. వి. ప్రసాద్ గారు! "మనదేశం"తో నందమూరి రామారావు గారిని తెరకు తెచ్చిన ప్రసాద్ గారు! నోరు తెరిచి వింటున్నాను.

"ఇప్పుడొక లెక్క చెయ్యి. 'ఆలం ఆరా' 1931లో. ఆయన తెలుగులో దర్శకుడై, తానే నాయకుడుగా వేసిన 'గృహప్రవేశం' 1946లో. మధ్య ఎన్నేళ్ళు?"

"పదిహేను."

"సొంతంగా హిందీలో 'శారద' తీసి, రాజ్ కపూర్, మీనాకుమారి వంటివారిచేత వేషాలు వేయించింది 1957లో. మొద్దబ్బాయి వేషం కట్టింది 1932లో. మధ్య?"

"ఇరవైఐదు."

"చూశావా, నీకు లెక్కలు వచ్చు! ఇంకొకటి చెయ్యి. ఆయన జేబులో వంద రూపాయలు, వయసు ఇరవైరెండు. నీ జేబులో ఎంత? నీ వయసెంత?"

నేను మాట్లాడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆఖరి లెక్క. ఈ లెక్కకు నాకే జవాబు తెలియదు. ఆయన చెప్పకుండా వెళ్ళినప్పుడు ఇంట్లో భార్య ఉంది, పసిబిడ్డ ఉంది. మనిషి ఎక్కడున్నాడో తెలియక వాళ్ళు ఎన్ని రాత్రులు మేలుకున్నారో! తరువాత ఆయన తిరిగి వచ్చి వాళ్ళను తనతో తీసుకువెళ్ళారనుకో. కాని ఆ రాత్రులను వెనక్కి తేగలరా? ఆయనంతటివారు కూడా తీర్చలేని బాకీ అది. వేషం ఎదుటివాళ్ళు ఇస్తారురా అబ్బాయ్. మొద్దబ్బాయి వేషమే ఇవ్వనీ. రంగు కడుక్కోవడం మాత్రం మన చేతిలో ఉంది. దానికి మద్రాసు వెళ్ళనక్కరలేదు."

అంతలో పంట మేట వదిలి కదిలింది. కోటిపల్లి రేవులో పండితులు దిగి, వెనక్కి చూడకుండా గట్టెక్కి వెళ్ళిపోయారు. "ఇంటికి పో," అని ఒక్కమాట అనలేదు. సరంగు మాత్రం, "దిగరేంటండి అబ్బాయిగారూ?" అన్నాడు. "ముక్తేశ్వరం వెళ్ళాలి," అన్నాను. అతను ఒకసారి నా ముఖం చూసి, గెడ అందుకున్నాడు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. బస్సుకూ పంటకూ పోగా మిగిలిన పధ్నాలుగు రూపాయలు అమ్మ చూడకుండా డబ్బాలో పెట్టేశాను. అమ్మ ఏమీ అనలేదు. అన్నం పెట్టింది. ఆ డబ్బాను అటకమీదికి ఎక్కించనూ లేదు, తాళం వెయ్యనూ లేదు. ఉన్నచోటే ఉంచింది. అమ్మకు సంగతి తెలియలేదనే నేను అనుకున్నాను.

ఆ ఎండాకాలం రోజూ తెల్లవారుజామున లేచి లెక్కలు చేశాను. ఏడాది పరీక్షలో నలభై ఒకటి వచ్చాయి. ఇదేమంత గొప్ప కాదు. కాని మొద్దబ్బాయి అనే పేరు మెల్లగా ఊడిపోయింది. తరువాత చదువుకుని, ఒక సహకార సంఘంలో పద్దులు రాసే ఉద్యోగం చేశాను. అవును, జీవితమంతా లెక్కలే!

ప్రసాద్ గారి సంగతి మాత్రం వదిలిపెట్టలేదు. పత్రికల్లో ఆయన పేరు ఎక్కడ పడినా చదివేవాడిని. నేను డేరాలో చూసిన ఆ పడవవాడి కథనే ఆయన 1967లో "మిలన్" పేరుతో హిందీలో నిర్మించారు. దర్శకులు ఆ ఆదుర్తి వారే. గోపి వేషం సునీల్ దత్ గారిది. నూతన్ గారికి ఆ చిత్రంలో నటనకు ఫిల్మ్‌ఫేర్ బహుమతి వచ్చింది. 1970లో వచ్చిన "ఖిలోనా" ఉత్తమ చిత్రంగా ఫిల్మ్‌ఫేర్ బహుమతి పొందింది. మద్రాసులో ఆయన స్టూడియో పెట్టారు, ఫిల్ములు కడిగే లేబొరేటరీ పెట్టారు. బొంబాయిలో కాకుండా మద్రాసులో కూర్చుని, ఉత్తరాదివారు మెచ్చే చిత్రాలు తీశారు. 1982 సంవత్సరానికి సినిమా వారికి దేశం ఇచ్చే పెద్ద గౌరవం, దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం, ఆయనకు దక్కింది.

ఒక విచిత్రం చూడండి. ఆయన 1959లో తీసిన "ఛోటీ బహన్"లో చెల్లెలికి చూపు పోతుంది. 1981లో, డెబ్భైమూడేళ్ళ వయసులో, ఆయన కమల్ హాసన్ చిత్రం "అమావాస్య చంద్రుడు"లో తాతయ్యగా నటించారు. అందులో నాయకుడు చూపులేని వయొలిన్ విద్వాంసుడు. ఆ తరువాత, అమెరికానుంచి తిరిగివచ్చిన డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదులో గొప్ప కంటి ఆస్పత్రి పెట్టాలని తలపెట్టినప్పుడు, ప్రసాద్ గారు అయిదెకరాల స్థలమూ, కోటి రూపాయలూ ఇచ్చారు. 1987లో ప్రారంభమైన ఆ సంస్థే ఎల్. వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి. డబ్బు ఇచ్చుకోలేని వారికి అక్కడ ఉచితంగా వైద్యం చేస్తారు.

ఇక రెండో మేలు సంగతి.

1992లో కుప్పనూర్పుల రోజుల్లో మా అమ్మ కుడికంట్లో వరి ఊక గుచ్చుకుంది. ఎవరో చెప్పారని అందులో ఆకుపసరు పోశారు. పిల్లలూ, పెద్దలూ, ఈ మాట బాగా గుర్తుంచుకోండి: కంట్లో పసర్లు పోయకూడదు! కంటిముందు నల్లగుడ్డు అని మనం పిలిచే చోట, గడియారం అద్దంలాగా ఒక పారదర్శకమైన పొర ఉంటుంది. దానిమీద పుండు పడి మానితే తెల్లని మచ్చ మిగులుతుంది. మన పల్లెల్లో "పువ్వు వేసింది" అంటారు. వెలుగు ఆ మచ్చ దాటి లోపలికి పోలేదు. అమ్మ ఎడమకంటికి చిన్నతనంనుంచీ చూపు అంతంతమాత్రమే. దానితో ఆమెకు ఇల్లంతా చీకటి అయిపోయింది.

హైదరాబాదు తీసుకువెళ్ళాను. మందుతో పోయే మచ్చ కాదని, ఆ పొర మార్చాలని డాక్టర్లు చెప్పారు. దానికి చనిపోయినవారి కన్ను కావాలి. మరణించిన ఆరుగంటలలోపల కళ్ళు తీసుకుంటే ఆ పొర పనికివస్తుంది. రక్తదానంలాగా గ్రూపు కలవాలని లేదు. ముసలివారివైనా, కళ్ళజోడు పెట్టుకున్నవారివైనా ఇవ్వవచ్చు. మాకు కబురు వచ్చేదాకా కొన్ని నెలలు ఆగాము. ఎవరో పుణ్యాత్ములు వెళ్ళిపోతూ మా అమ్మకు కన్ను ఇచ్చి వెళ్ళారు.

చూపు ఒక్కరోజులో రాలేదు. వారాలు గడిచేకొద్దీ మంచు విడిపోతున్నట్లు మెల్లగా వచ్చింది. తరువాత ఒకసారి ఆస్పత్రిలో చూపించుకునేందుకు కూర్చుని ఉండగా, అమ్మ నా తల కేసి పరీక్షగా చూసి, "ఏరా, అప్పుడే జుట్టు నెరిసిపోయిందేమిటి?" అంది. నేను నవ్వాను, ఏడ్చాను కూడా. ఆ తరువాత అమ్మ, "ఇంతటి ఆస్పత్రికి ఈ పేరు ఎవరిదిరా?" అని అడిగింది.

అప్పుడు నేను కథంతా చెప్పాను. మొద్దబ్బాయి వేషం, పంట, పండితులు, పదిహేను రూపాయలు, అన్నీ. చెప్పి, "నీకు తెలియకుండా డబ్బులు మళ్ళీ డబ్బాలో పెట్టేశానమ్మా," అన్నాను.

అమ్మ చీరచెంగుతో కళ్ళు ఒత్తుకోబోయి, డాక్టరు వద్దన్న సంగతి గుర్తువచ్చి చెయ్యి దించేసింది.

"పదిహేను తీశావు. పధ్నాలుగు పెట్టావు," అంది. "ఆ రూపాయి ఏమయిందో ఇరవై ఆరేళ్ళకి తెలిసింది!"

పిల్లలూ, మా అమ్మ ఏ బడికీ వెళ్ళలేదు. ఆమె లెక్క మాత్రం తప్పలేదు. ఆ రోజంతా ఆమె ఎట్లా గడిపిందో నేను అడగలేదు. అడిగే ధైర్యం చాలలేదు. పండితులు చెప్పిన తీరని బాకీ అంటే ఏమిటో అప్పుడు అర్థమయింది.

ప్రసాద్ గారు 1994 జూన్ 22న కన్నుమూశారు. మొద్దబ్బాయి వేషంతో తెలుగు తెరకు పరిచయమైన మనిషి పేరు తలుచుకుంటూ నేటికీ ఎందరో చూపుతో ఇల్లు చేరుతున్నారు. నా కళ్ళు కూడా నా తరువాత ఇచ్చెయ్యమని ఇంట్లో చెప్పి ఉంచాను.

మీకెవరైనా నచ్చని వేషం ఇస్తే దిగులుపడకండి. వేసి, రంగు కడుక్కుని, మర్నాటి పనికి లేవండి. ఎంత దూరమైనా వెళ్ళండి. బొంబాయే వెళ్ళండి, దాన్ని దాటి వెళ్ళండి. కాని అమ్మతో చెప్పి వెళ్ళండి.